డిసెంబర్ మొదటి వారంలో మంచు ఖాయంగా ఉండే స్కీ ఊరు ఏది? అమ్మానాన్న, ఐదేళ్ళ పాప, ఒక స్కీ పిచ్చోడు

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
డిసెంబర్ 6 శనివారం నుంచి 13 దాకా సెలవు. ముందుకీ వెనక్కీ జరిపే వీల్లేదు, జనవరిలో మాకు గో లైవ్. అమ్మానాన్న నవంబర్ ఆఖర్లో విజయవాడ నుంచి వస్తున్నారు. అమ్మ కోరిక ఒక్కటే, "మంచు పడుతుంటే చూడాలిరా, చేత్తో పట్టుకోవాలి" అని. పాపకి ఐదేళ్ళు, స్కీ స్కూల్లో వెయ్యాల్సిందేనని మా ఆవిడ పట్టు. మా ఇద్దరి అనుభవం మొత్తం మూడు రోజులు, అందులో రెండు రోజులు పడి లేవడమే. తోడు ఒక ఫ్రెండ్ వస్తున్నాడు. గార్మిష్‌లో నేర్చుకున్నాడు, ఇప్పుడు వాడికి కష్టమైన వాలుల రంగులు, రెడ్డూ బ్లాకూ తప్ప ఇంకో రంగు కనిపించదు.

కిందటేడు ఇదే సమయానికి ఒక ఊరు వెళ్ళాం, పేరు వద్దులెండి. బ్రోషర్లో "3000 మీటర్లు, మంచుకి ఢోకా లేదు" అని ఉంది. కారు దిగితే చుట్టూ పచ్చగడ్డి, ఆవులొక్కటే తక్కువ. పైన మంచు ఉన్న మాట నిజమే. కానీ కొత్తవాళ్ళు నేర్చుకునే వాలు కింద ఊళ్ళో ఉంది, అది మూసేశారు. నాలుగు రోజులూ గొండోలా (తీగ మీద నడిచే డబ్బా) ఎక్కి, ఫొటోలు తీసుకుని, దిగి వచ్చాం.

ఈసారి లిస్టులో ఫ్రాన్స్‌లో వాల్ తొరాన్స్, టీన్య్, స్విస్‌లో జెర్మాట్, ఆస్ట్రియాలో స్టుబై, ఇంకా పలకడం రాని ఓబర్‌గుర్గ్ల్. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. వెబ్‌సైట్లు నేనూ చదివాను.

కాకినాడ_కాజా
లంబసింగి. టికెట్ ఖర్చు మిగులుతుంది, బొంగు చికెన్ కూడా.

మ్యూనిక్_మూర్తి
ఫణీ, నువ్వు చెప్పిన కథే పది మంది చెప్పగా విన్నాను. అందరూ చేసే తప్పు ఒకటే, శిఖరం ఎత్తు చూసి బుక్ చెయ్యడం. నువ్వు చూడాల్సింది ఊరు ఎంత ఎత్తులో ఉంది, పాప నేర్చుకునే వాలు ఎంత ఎత్తులో ఉంది, ఆఖరి లిఫ్ట్ ఎంత ఎత్తుకి పోతుంది. బ్రోషర్లో పెద్దక్షరాలతో వేసేది మూడోది. నీకు, మీ ఆవిడకి, పాపకి కావాల్సింది రెండోది. అమ్మకి కావాల్సింది మొదటిది, ఎందుకంటే ఆవిడ మంచు చూసేది కిటికీలోంచి, గుమ్మం ముందు.

పైకి పోయే కొద్దీ వంద మీటర్లకి సుమారు అర డిగ్రీ పైచిలుకు చల్లబడుతుంది. 1000 మీటర్ల ఊరికీ 2000 మీటర్ల ఊరికీ ఆరు డిగ్రీల తేడా. డిసెంబర్ మొదటి వారంలో ఆ ఆరు డిగ్రీలే వాన పడుతుందా, మంచు పడుతుందా అన్నది తేల్చేస్తాయి.

ఆ లెక్కన నీ లిస్టులో వాల్ తొరాన్స్ ఊరు 2300, టీన్య్ 2100, ఓబర్‌గుర్గ్ల్ 1930, జెర్మాట్ 1620. స్టుబైలో లిఫ్టు దగ్గర అసలు ఊరే లేదు, దాని సంగతి వేరే.

స్కీ_శీను
ఇందులో ఆలోచించడానికి ఏముంది? వాల్ తొరాన్స్. యూరప్‌లో అంతకన్నా ఎత్తులో ఉన్న స్కీ ఊరు లేదు. నవంబర్ ఆఖరికి తెరుస్తారు. కొత్తవాళ్ళ వాలు ఊరి మధ్యలోనే, మ్యాజిక్ కార్పెట్ మీద పాప నిలబడితే అదే పైకి తీసుకుపోతుంది. మీవాడికి పక్క లోయలతో కలిపి మూడు లోయల్లో 600 కి.మీ. పిస్టులు, అంటే చదును చేసిన స్కీ దారులు. ఇంటి తలుపు తీసి స్కీలు తగిలించుకోవడమే. నాలుగుసార్లు వెళ్ళా, ఒక్కసారి కూడా గడ్డి చూడలేదు.

పాలకొల్లు_పిల్ల
శీను గారు గడ్డి చూడలేదు సరే, చెట్టు చూశారా? అంత ఎత్తులో ఒక్క చెట్టూ ఉండదు. మేము వెళ్ళినప్పుడు రెండు రోజులు మబ్బు దిగిపోయింది. నేలా ఆకాశం ఒకటే తెలుపు. నా స్కీలు కదులుతున్నాయో ఆగాయో తెలీలేదు. ఆగాననుకుని పక్కకి వాలితే కదులుతూ ఉన్నాను, దభీమని పడ్డాను. చెట్లుంటే కంటికి కాస్త ఆనవాలు దొరుకుతుంది. మూడోరోజు అత్తయ్య గారు "ఇంతదూరం వచ్చి తెల్లగోడ చూస్తున్నాం" అన్నారు.

ఇంకోటి ఎవ్వరూ చెప్పరు. 2300 మీటర్ల దగ్గర నీళ్ళు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటన్నర ఉడికినా పలుకు పలుకులాగే ఉంది. కుక్కర్ తీసుకెళ్ళండి. అది కూడా ఇండక్షన్ మీద పనిచేసేది. ఇంటి నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కర్‌ని అపార్ట్‌మెంట్‌లో స్టవ్ గుర్తుపట్టనే లేదు, ఎర్ర దీపం పెట్టి ఊరుకుంది. ఆ వారం మొత్తం పాస్తా, ఆవకాయ.

కాకినాడ_కాజా
పాస్తా ఆవకాయ అంత చెడ్డ కాంబినేషనేం కాదు.

స్కీ_శీను
@పాలకొల్లు_పిల్ల మబ్బు ఎక్కడైనా దిగుతుంది. నేను మాట్లాడేది మంచు గురించి. అడిగింది మంచు గురించే కదా.

నర్సన్న_నిజామాబాద్
నేను స్టుబై పోయిన, డిసెంబర్ల ఫస్ట్ వీకే. ముచ్చట ఏందంటే, మనం ఉండేది నోయ్‌స్టిఫ్ట్ అనే ఊర్ల, అది 1000 మీటర్లే. అక్కడ మంచు లేదు, మస్తు వాన. పొద్దుగాల బస్సెక్కి లోయ చివరిదాక పోవాలె. ఆడ లిఫ్టు 1750 నుంచి మొదలైతది. గొండోలాల పైకి పోతుంటే వాన కాస్త వానమంచు అయింది, ఇంకింత పోతే మొత్తం తెల్లగ. పైన హిమానీనదం, ఇన్స్‌బ్రుక్‌కు దగ్గర, రేట్లు ఫ్రాన్స్ లెక్క కాదు. నాకైతే నచ్చింది. కానీ ముసలోళ్ళను రోజూ బస్సుల తిప్పుడు కష్టం అన్నా.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
@నర్సన్న_నిజామాబాద్ అన్నా, అక్కడ కొత్తవాళ్ళ వాలు ఎక్కడుంది? పైనా, కిందా?

నర్సన్న_నిజామాబాద్
మీదనే, గామ్స్‌గార్టెన్ అని 2600 కాడ. పిల్లల జాగ, స్కూల్, క్యాంటీన్ అన్నీ ఆడనే. సాయంత్రం కిందికి స్కీల మీద రావాల్సిన పని లేదు, గొండోలాల దిగొచ్చుడే. గాలి గట్టిగ లేస్తే మాత్రం బంద్ పెడతరు. ఆరు దినాలల్ల ఒక దినం నాకు గట్లనే పోయింది. ఆ దినం ఇన్స్‌బ్రుక్‌ల క్రిస్మస్ అంగడి తిరిగినం.

డబ్లిన్_డాక్టరమ్మ
ఫణి గారూ, అమ్మగారికీ నాన్నగారికీ వయసెంత? గుండె, బీపీ సంగతి? 1900–2000 మీటర్ల దగ్గర పడుకోవడం చాలామందికి ఇబ్బంది కాదు, మొదటి రాత్రి నిద్ర కాస్త పలచగా ఉంటుంది. కానీ జెర్మాట్‌లో కేబుల్ కారు 3883 మీటర్లకి తీసుకెళ్తుంది. ఊరు నుంచి అంత ఎత్తుకి గంటలోపే చేరిపోతారు. అక్కడ పడుచువాళ్ళకే రెండు మెట్లెక్కితే ఆయాసం. టికెట్ కొనేశాం కదా అని ఎక్కించకండి. బయల్దేరే ముందు వాళ్ళ డాక్టర్‌ని అడగండి.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
నాన్నకి 66, బీపీ మాత్ర ఒకటి. అమ్మకి 61, మోకాళ్ళు. అడుగుతాను డాక్టరమ్మా.

సీమ_సింహం
జెర్మాట్‌లో 3883 ఎక్కాల్సిన పనేముంది, గోర్నర్‌గ్రాట్ పళ్ళచక్రాల రైలుంది కదా. 1898 నుంచి నడుస్తాండాది. 3089 దగ్గర దించుతాది. ముసలోళ్ళు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, మాటర్‌హార్న్ ఎదురుగా వచ్చి నిలబడతాది. మా నాయన అనంతపురం మనిషి, మాట రాలా. ఊర్లో పెట్రోలు కార్లు కూడా ఉండవు, టేష్‌లో వదిలేసి రైల్లో పోవాల.

ఖర్చు సంగతి మాత్రం అడగొద్దు. ఒక సూపు తాగినాం, ఆ దుడ్డుతో మా ఊర్లో రెండు కోళ్ళు కోసి బంధువులకి పెట్టొచ్చు.

చెర్వీనియా_చందు
జెర్మాట్ కొండకి ఇటువైపు, ఇటలీలో చూడండి సార్. చెర్వీనియా ఊరు 2050. కొత్తవాళ్ళ చోటు ప్లాన్ మెజోన్, 2550 దగ్గర, గొండోలాలో పోవాలి. మూర్తి గారి రెండో అంకె లెక్కలో ఇంతకన్నా మంచిది చూపించండి. పొడుగాటి మెత్తటి వాలులు, మీవాడు కావాలంటే సరిహద్దు దాటి జెర్మాట్ వైపు స్కీ చేసి రావచ్చు. గది ఇటలీ రేటుకి, కొండ స్విస్‌ది. ఒక్కటి మర్చిపోవద్దు, ఇటలీ పిస్టుల మీద 2022 జనవరి నుంచి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. లేకపోతే పాస్‌తో పాటు అక్కడే కొనుక్కోవచ్చు.

మ్యూనిక్_మూర్తి
చందూ, మీ కొండ మీదే కదా స్కీ ప్రపంచ కప్ డౌన్‌హిల్ పందెం పెడదామని 2022లో సిద్ధమైతే మంచు చాలక రద్దయింది. 2023 నవంబర్‌లో మళ్ళీ పెడితే ఈసారి మంచు ఎక్కువై, గాలి ఎక్కువై రద్దయింది. అంత ఎత్తులో మంచు ఉండటం వేరు, లిఫ్టు తిరగడం వేరు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కార్లో నాయనమ్మనీ పిల్లనీ వేసుకుని ఆల్ప్స్ అవతలికి పోవడం ఇంకా వేరు.

చెర్వీనియా_చందు
గాలి సంగతి ఒప్పుకుంటా. 🙏

బీటెక్_బాబ్జీ
ఎందుకండీ ఈ ఎత్తుల గొడవ? ఇప్పుడు అన్ని చోట్లా స్నో ఫిరంగులు ఉన్నాయి. నీళ్ళు కొడతారు, మంచైపోతుంది.

ఫిజిక్సు_మాస్టారు
అంత వీజీ కాదు బాబ్జీ. ఫిరంగి చల్లేది సన్నటి నీటి తుంపర. అది నేలకి చేరేలోపు గడ్డకట్టాలి. అందులో కొంత ఆవిరైపోతూ మిగతాదాన్ని చల్లబరుస్తుంది. కాబట్టి థర్మామీటర్ ఒక్కటే చూస్తే చాలదు, గాలి ఎంత పొడిగా ఉందో చూడాలి. రెంటచింతలలో ఎయిర్ కూలర్ పెడితే గది చల్లబడుతుంది, అదే కూలర్ విశాఖలో పెడితే ఒళ్ళు జిడ్డు. ఇదీ అంతే. తడిబట్ట చుట్టిన థర్మామీటర్ మైనస్ రెండుకి దిగితేనే సరుకు తయారవుతుంది. గాలి బాగా పొడిగా ఉంటే సున్నా దగ్గర కూడా పని నడుస్తుంది. తేమగా ఉంటే మైనస్ ఒకటిలో కూడా కింద పడేది చిత్తడే.

డిసెంబర్ మొదట్లో తక్కువ ఎత్తు ఊళ్ళ పాట్లు ఇవే. వాళ్ళ దగ్గర ఫిరంగులు లేక కాదు, చెరువులో నీళ్ళు లేకా కాదు. వరసగా మూడు చల్లటి రాత్రులు దొరకవు.

బీటెక్_బాబ్జీ
సార్ మీరు మా కాలేజీలో చెప్పుంటే బ్యాక్‌లాగ్ ఉండేది కాదు.

లండన్_లలిత
2022–23 క్రిస్మస్ సెలవుల్లో మేము తక్కువ ఎత్తున్న ఊళ్ళో ఇరుక్కున్నాం. గోధుమరంగు కొండ మీద ఇరవై అడుగుల వెడల్పు తెల్ల రిబ్బను. దాని మీద ఊరు ఊరంతా. పక్కకి జారితే బురద. కొత్త సంవత్సరం రోజు స్వెట్టర్ విప్పి తిరిగాం. ఆ ఏడు చాలా ఊళ్ళు లిఫ్టులే ఆపేశాయి.

మాకు అమ్మిన ఏజెంటు "స్నో గ్యారంటీ" అన్నాడు. షరతులు ఆలస్యంగా చదివాం. ఆ ఊళ్ళో అన్ని లిఫ్టులూ మూస్తేనే గ్యారంటీ వర్తిస్తుందట, ఒక్కటి తిరుగుతున్నా వర్తించదట. వర్తించినా డబ్బు తిరిగివ్వరు, వేరే ఊరికి బస్సు వేస్తారు. ఆ ఒక్క లిఫ్టు వారమంతా ఖాళీగా తిరుగుతూనే ఉంది.

కాకినాడ_కాజా
ఆ లిఫ్టు ఏజెంటు గారి బావమరిదిదేమో.

ఆర్ల్‌బర్గ్_అభిమాని
ఎవరూ మా ఆర్ల్‌బర్గ్ ఊళ్ళు లేష్, వార్త్ పేరెత్తరేం? ఆస్ట్రియాలో మంచు కుండపోతగా పడేది అక్కడే. వార్త్‌లో ఏడాదికి పది మీటర్ల పైమాటే. ఓబర్‌గుర్గ్ల్‌లో అందులో సగం కూడా పడదు. లెక్కలు తీసి చూడండి.

మ్యూనిక్_మూర్తి
నిజమే, పడదు. గుర్గ్ల్ ఆల్ప్స్ నడిబొడ్డున, ఎట్స్ లోయ చిట్టచివర ఉంది. మబ్బులు అక్కడికి వచ్చేసరికి సగం బరువు దించేసుకుంటాయి. కానీ పడింది పోదు. ఎత్తు, చలి, నీడ. నవంబర్‌లో పడ్డ మంచు మీదే ఏప్రిల్ దాకా బండి నడుపుతారు. నీ ఆర్ల్‌బర్గ్‌లో ఊళ్ళు 1450, 1500. జనవరిలో స్వర్గం, నేనూ కాదనను. డిసెంబర్ 6న మాత్రం లాటరీ. ఏడాదికి పది మీటర్లంటే అది ఏడాది మొత్తం మీద కదా, ఫణి గారి వారానికి ఎంతొస్తుందో ఎవరు చెప్పగలరు? జీతం పెద్దదైనా ఒకటో తారీకుకి పడకపోతే ఏం లాభం.

ఓబర్‌గుర్గ్ల్ మామూలుగా నవంబర్ మధ్యకి తెరుస్తారు. 2023 నుంచి నవంబర్‌లోనే అక్కడ ప్రపంచ కప్ స్లాలం (మెలికల) పందెం పెడుతున్నారు. ఆ వాలు మన డిసెంబర్ 6కి రెండు వారాల ముందే సిద్ధంగా ఉంటుందన్నమాట.

ఆర్ల్‌బర్గ్_అభిమాని
రేసు వాలు ఒక్కటి గట్టిపరిస్తే ఊరంతా మంచున్నట్టేనా? ఫిరంగులతో ఎక్కడైనా ఒక వాలు తయారు చేస్తారు. కిట్స్‌బ్యూల్ ఊరు 760 మీటర్లే, అక్కడ పాత మంచు దాచిపెట్టి అక్టోబర్‌లోనే ఒక చార పరిచేవాళ్ళు. చుట్టూ పచ్చగడ్డి, మధ్యలో చార, జనం తిట్టిపోశారు.

మ్యూనిక్_మూర్తి
ఆ మాట నిజమే. రేసు చూసి నమ్మొద్దు. అందుకే ఎవరైనా సరే బుక్ చేసేముందు ఒక పని చెయ్యండి. బెర్గ్‌ఫెక్స్ వెబ్‌సైట్లో గత నాలుగైదేళ్ళ డిసెంబర్ మొదటి వారం వెబ్‌క్యామ్ బొమ్మలు వెతకండి, శిఖరానివి కాదు, ఊరి వీధివి. నేను గుర్గ్ల్‌కి అలాగే చూశాను. ఒక ఏడు పలచగా ఉంది, దారిలో రాళ్ళు తేలాయి. మిగతావి తెల్లగానే ఉన్నాయి.

స్కీ_శీను
గుర్గ్ల్‌లో పిస్టులు 110 కి.మీ. చిల్లర. మీ ఫ్రెండ్ రెండో రోజు మధ్యాహ్నానికి అన్నీ చుట్టేసి మీ తల తింటాడు.

రెడ్‌రన్_రాజు
ఆ ఫ్రెండుని నేనే. లింకు ఫణి పంపాడు. "రెడ్డూ బ్లాకూ తప్ప ఇంకో రంగు కనిపించదు" అన్నది చదివాను, థాంక్యూ.

నాకేం పర్లేదు. సోల్డెన్ దారిలోనే, పక్కనే, అక్కడ రెండు హిమానీనదాలున్నాయి. ప్రపంచ కప్ సీజన్ మొదలయ్యేదే అక్కడ, అక్టోబర్ ఆఖర్లో. నేను పొద్దున బస్సెక్కి పోతా, సాయంత్రం వచ్చి ఆంటీ చేతి పప్పుచారు తాగుతా. నాకు కావాల్సింది పప్పుచారు గ్యారంటీ.

పాలకొల్లు_పిల్ల
1930 దగ్గర కూడా కుక్కర్ కావాలి. నీళ్ళు 93, 94కే మరుగుతాయి. ముందే చెప్తున్నా.

రోవనీమి_రవి
అందరూ ఆల్ప్స్ పట్టుకుని వేలాడుతున్నారు. ఫిన్లాండ్ రండి. రుకాలో, లెవిలో ఎండాకాలమంతా మంచు కప్పెట్టి దాచి, అక్టోబర్‌లో పరిచి లిఫ్టు తిప్పేస్తారు. డిసెంబర్ మొదట్లో ఊరూ అడవీ అన్నీ తెలుపే, ఎత్తుతో సంబంధం లేదు. కొండ చిన్నది, కొత్తవాళ్ళకి అదే మంచిది. రెయిన్‌డీర్లు, అదృష్టముంటే అరోరా.

లండన్_లలిత
సూర్యుడు?

రోవనీమి_రవి
అది కొంచెం తక్కువ. లెవిలో డిసెంబర్ మధ్య నుంచి అసలు ఉదయించడు. మొదటి వారంలో మధ్యాహ్నం కాసేపు మొహం చూపిస్తాడు. వాలు మీద లైట్లుంటాయి.

సీమ_సింహం
మా నాయన పొద్దున లేచి సూర్యనమస్కారం చేయకుండా కాఫీ తాగడు. అక్కడికి తీసుకుపోతే పస్తే.

రోవనీమి_రవి
😂 చలి కూడా చెప్పాలి, మైనస్ 20 మామూలే. అమ్మగారి మోకాళ్ళకి ఆలోచించుకోండి.

కొత్తగా_చేరాను
అండోరా ఎలా ఉంటుంది? బన్స్కో? రేటు తక్కువ అంటున్నారు.

లండన్_లలిత
అండోరా షెంగెన్‌లో లేదు. ఫ్రాన్స్ నుంచో స్పెయిన్ నుంచో లోపలికి పోయి తిరిగి రావాలి, కాబట్టి ఫణి గారి అమ్మానాన్నకి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. సింగిల్ ఎంట్రీ అయితే పోవడమే, తిరిగి షెంగెన్‌లోకి రావడం కుదరదు. బన్స్కోకి ఆ బెడద లేదు, బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా షెంగెనే. కానీ ఊరు వెయ్యి మీటర్ల లోపు, పైకి పోవడానికి ప్రధానంగా ఒకే గొండోలా, పొద్దున క్యూ తిరుమల సర్వదర్శనంలా ఉంటుంది. డిసెంబర్ మొదట్లో నేనైతే వెళ్ళను.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
అమ్మానాన్నది సింగిల్ ఎంట్రీ. అండోరా కొట్టేశా.

దాదాపు గుర్గ్ల్ వైపే మనసు పోతోంది. ఒక్క అనుమానం. మేం స్కీ చేస్తుంటే ఆరు రోజులు వాళ్ళిద్దరూ అక్కడ ఏం చేస్తారు? టీవీలో జర్మన్ ఛానెళ్ళే ఉంటాయి.

గుర్గ్ల్_గోపి
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నా, ఇది మాత్రం నేనే చెప్పాలి. రెండుసార్లు వెళ్ళా, ఒకసారి మా అత్తామామలతో.

ఊరు చిన్నది, చర్చి, పది నిమిషాల్లో చుట్టేస్తారు. మంచు తొక్కి చదును చేసిన నడక దారులున్నాయి. హోహె ముట్ అని గొండోలా ఉంది, 2670 దాకా పోతుంది, స్కీ చేయనివాళ్ళూ ఎక్కొచ్చు. పైన చెక్క హోటల్, దాని ముందు బెంచీ. మా మామగారు ఆ బెంచీ మీద కూర్చుని ఎదురుగా ఉన్న హిమానీనదాలు లెక్కపెట్టేవారు. రోజుకో లెక్క వచ్చేది.

ఊళ్ళో ఒక గుర్తురాయి ఉంది. 1931లో ఒగూస్ట్ పికార్ బెలూన్లో 15 కిలోమీటర్ల పైకి పోయి, దిగడానికి తిప్పలుపడి ఆ రాత్రి దిగింది గుర్గ్ల్ హిమానీనదం మీదే. ఇంకో సంగతి, 1991లో మంచు కరిగి బయటపడ్డ ఐదువేల ఏళ్ళ నాటి శవం ఎట్సి ఉంది చూడండి, ఆ పేరు ఈ ఎట్స్ లోయదే.

నాన్నగారికి మోటార్ సైకిళ్ళంటే ఇష్టమా? హోఖ్‌గుర్గ్ల్ లిఫ్టు దగ్గర 2175 మీటర్ల ఎత్తులో పాత బళ్ళ మ్యూజియం ఉంది. 2021 జనవరిలో మొత్తం కాలిపోయింది. అదే ఏడు నవంబర్‌కి మళ్ళీ కట్టేశారు. మా మామగారిని బయటికి లాక్కురావడానికి రెండు గంటలు పట్టింది.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
నాన్న 1979 నుంచి ఎజ్డి నడిపారు. ఇంక ఆలోచించేది లేదు. ఓబర్‌గుర్గ్ల్.

కాకినాడ_కాజా
ఓబర్‌గురక. నాన్నగారు పడుకున్నాక చూడండి.

సీమ_సింహం
మా దగ్గర ఓబులేసు కొండ ఉండాది. ఆస్ట్రియాలో ఓబులు కొండ. అంతా ఒకటే.

మ్యూనిక్_మూర్తి
కార్లో వస్తే శనివారం ఫెర్న్‌పాస్ దగ్గర ఇరుక్కుంటారు. తెల్లారి నాలుగింటికి బయల్దేరండి. ఆస్ట్రియా విన్యెట్టె (హైవే టోల్ స్టిక్కర్) తీసుకోండి. వింటర్ టైర్ల మీద కొండ, మంచుపలుకు గుర్తుండాలి, జర్మనీలో 2024 అక్టోబర్ నుంచి ఆ గుర్తు లేనిది చెల్లదు. చైన్లు డిక్కీలో అడుగున కాదు, పైన పెట్టండి. మంచులో సూట్‌కేసులన్నీ రోడ్డు మీద దించి చైన్లు తీసినవాణ్ణి నేను. లేదంటే రైల్లో ఎట్స్‌టాల్ స్టేషన్ దాకా వచ్చి బస్సెక్కండి, గంటన్నర.

పాలకొల్లు_పిల్ల
స్కీ బూట్లలోకి ఒక్క సన్నటి పొడుగు మేజోడు చాలు. చలని రెండు కాటన్ మేజోళ్ళు వేసుకున్నా నేను. సాయంత్రం బూటు విప్పితే పిక్క ముందు భాగంలో మేజోటి ముడత అచ్చు ఎర్రగా వాత పెట్టినట్టు. అమ్మగారికి చీర కిందకి ఊలు థర్మల్, పైన పొడుగు కోటు. అడుగున ముళ్ళు తగిలించే బూటు తొడుగులు దొరుకుతాయి, వాటి మీద మాత్రం పీనాసితనం వద్దు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పడేది వాలు మీద కాదు, హోటల్ గుమ్మం ముందు.

డబ్లిన్_డాక్టరమ్మ
పైమాటకి వంద మార్కులు.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
నవంబర్ 30. భయమేస్తోంది. బుధవారం నుంచి దక్షిణం గాలి అట, కొండలు దాటి వేడెక్కి దిగేది, ఫ్యోన్ అంటున్నారు. వెబ్‌క్యామ్‌లో చర్చి కప్పు మీద మంచు నిన్నటికన్నా తగ్గింది.

ఫిజిక్సు_మాస్టారు
కప్పు చూడకండి, లోపల హీటరుంటుంది. కొండ చూడండి.

స్కీ_శీను
వాల్ తొరాన్స్‌లో ఇప్పుడు 70 సెంటీమీటర్లు. ఊరికే చెప్తున్నా.

మ్యూనిక్_మూర్తి
శీనూ, ఊరుకో. ఫణీ, ఆ గాలి ఉత్తరం వైపు లోయల్లో కింద బాగా వేడెక్కిస్తుంది. నువ్వుండేది లోయ కొసన, పైన. అక్కడ మంచు తగ్గొచ్చు, పోదు. పడుకో.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
డిసెంబర్ 9, ఓబర్‌గుర్గ్ల్ నుంచి.

శనివారం లోయలో సోల్డెన్ దాకా వాన. నాన్న మాట్లాడకుండా వైపర్లు చూస్తున్నారు. సోల్డెన్ దాటి మలుపులు మొదలయ్యాక వైపర్ల చప్పుడు మారింది. అమ్మే ముందు కనిపెట్టింది, "వాన ఆగిందేంట్రా, చప్పుడు రావట్లేదు" అని. ఆగలేదు, మంచైపోయింది. బస్టాపు దగ్గర కారాపించింది. అరచెయ్యి చాపింది. పడింది, కరిగింది, మళ్ళీ చాపింది. "ఇంత తేలిగ్గా ఉంటుందా" అంది, అంతే.

ఊళ్ళో మోకాళ్ళలోతు లేదు, 30 సెంటీమీటర్లు ఉంటుందేమో. ఎండ తగిలే వైపు రెండు చోట్ల రాళ్ళు తేలాయి. అద్దె స్కీలే కాబట్టి పర్లేదు. పాప స్కూలు వాలు మొత్తం తెరిచే ఉంది. నిన్న పిజ్జా ముక్క ఆకారంలో స్కీలు పెట్టి ఆగడం నేర్చుకుంది. నేను ఇంకా ఆగడం నేర్చుకోలేదు. రాత్రంతా ఫిరంగుల హోరు, అద్దె గది అటువైపే పడింది. నాన్న మ్యూజియానికి రెండోసారి వెళ్ళారు.

రాజు ఇవాళ సోల్డెన్ వెళ్ళి పది గంటలకే తిరిగొచ్చాడు. గాలికి పైన హిమానీనదం లిఫ్టులు మూసేశారట.

రెడ్‌రన్_రాజు
పప్పుచారు కూడా లేదు. కుక్కర్ తెచ్చారు, విజిల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మర్చిపోయారు.

పాలకొల్లు_పిల్ల
అయ్యో రామా.

కాకినాడ_కాజా
పాస్తా ఆవకాయ. చెప్పాను కదా.

కొత్తగా_చేరాను
ఫిబ్రవరి ఆఖర్లో అయితే ఏ ఊరు బెటర్ అండీ?

మ్యూనిక్_మూర్తి
దానికి వేరే చర్చ తెరువు బాబూ. అప్పుడు మంచుకి కరువుండదు, గదులకే.